జవాబు అడగని పరీక్ష

"ఈ మెషిన్ స్పీడ్ ఎంత?" అని ఎవరైనా ఒక్క అంకె కోసం అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దేనిలో స్పీడ్? ఎవరి పనిలో? అంకె చెప్పి పక్కకు తప్పుకునే వాళ్లను నేను నమ్మను. తొంభైల మొదట్లో నల్గొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసినప్పుడు పట్టిన మొండితనం ఇది. ఇంకా వదల్లేదు, వదలాలని కూడా లేదు.

ల్యాబంటే పెద్దగా ఊహించుకోవద్దు. కాలేజీ వెనకాల రెండు గదుల మధ్య గోడ పడగొట్టి ఒకటి చేశారు. కిటికీలకు నల్ల పరదాలు, గోడకు ఒకే ఒక ఏసీ. ఆ ఏసీ కూడా మనుషుల కోసం కాదు, మూలనున్న పెద్ద పెట్టె కోసం. సగం బీరువా ఎత్తుండేది. దాని నుంచి వైర్లు పోయి ఎనిమిది తెరలకు తగిలేవి. ఆ తెరలకు సొంత బుర్ర లేదు. మనం కీ నొక్కితే ఆ అక్షరం పెట్టెకు పోవాలి, పెట్టె ఆలోచించి తిరిగి పంపాలి. ఎనిమిది మంది ఎనిమిది పనులు చెప్పినా కాస్త ఇతనిది, కాస్త ఆమెది అని వంతులేసుకుని అందరి పనీ చేసేది. మెల్లగానే చేసేది, నేను కాదనను. ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే నిద్ర లేచి వచ్చినట్టుండేవి.

పొద్దున మగపిల్లల బ్యాచ్. మధ్యాహ్నం ఆడపిల్లల బ్యాచ్. మధ్యాహ్నం బ్యాచ్ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు, నేను ప్రిన్సిపాల్ సారు ప్రాణం తోడి పెట్టించుకున్నది. అంతకుముందు పొద్దున మగపిల్లలు తెరల ముందు కూర్చుంటే ఆడపిల్లలు వెనక నిలబడి చూడటంతోనే కోర్సు అయిపోయేది. "చూస్తే రాదు సార్, ఇది వంట కాదు" అన్నాను. "వంట కూడా చూస్తే రాదులే అమ్మా" అన్నాడాయన, నవ్వి సంతకం చేశాడు. అప్పటి నుంచి మధ్యాహ్నం ఎనిమిది తెరల ముందూ ఆడపిల్లలే. మేళ్లచెరువు నుంచి వచ్చి చిన్నమ్మ ఇంట్లో ఉండి చదివే పిల్ల ఒకతి, బస్సు పట్టుకుని పల్లెల నుంచి వచ్చేవాళ్లు కొందరు, ఊళ్లోవాళ్లు కొందరు.

వాళ్లలో ఒక పిల్లను దర్జీ బిడ్డ అనేవాళ్లం. బస్టాండు దగ్గర వాళ్ల నాయన బట్టలు కుట్టేవాడు. రోజూ మధ్యాహ్నం దుకాణం మీద పరదా దించి, బిడ్డను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తెచ్చి, గేటు దగ్గర దింపేవాడు. ఆడపిల్లల బ్యాచ్ ఉంది కాబట్టే పంపుతున్నానని చేరిన రోజే నాకు తేల్చి చెప్పాడు. ఆ పిల్ల బుర్ఖా ముసుగు పైకి తీసి తెర ముందు కూర్చుందంటే ఇక ప్రపంచం గుర్తుండేది కాదు. తప్పు వస్తే కళ్లనీళ్లు పెట్టుకునే రకం కాదు, తప్పును తిట్టే రకం. నాకు అందుకే నచ్చింది.

ఆ వేసవిలో కాలేజీకి హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ మనిషి రావడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు బ్యాగు, కోస్తా మాట. మనిషి మంచివాడే, మర్యాదస్తుడే. మా పాత పెట్టెను తీసుకుపోయి, దాని బదులు రెండు కొత్త కంప్యూటర్లు ఇస్తామన్నాడు. కొత్తవి బల్లమీద పట్టేవి, రంగుల తెరవి, ఒక్కొక్క దానికి సొంత చిప్ ఉన్నవి. పాతది ఇస్తేనే రెండు వస్తాయి, ఇవ్వకపోతే కాలేజీకి మంజూరైన డబ్బుకు ఒకటే. రెండింటి ముందు ఎంతమంది కూర్చుంటారు? పొద్దుటి బ్యాచే రోజంతా సాగాలి. అందుకని మధ్యాహ్నం బ్యాచ్ తీసేద్దామని కాలేజీ కమిటీలో అనుకున్నారట. నన్ను అడగలేదు. స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటే చెవిన పడింది.

నాకంటే ముందే ఊళ్లో తెలిసింది. మర్నాడు దర్జీ భాయ్ గేటు దగ్గర సైకిల్ స్టాండేసి నా కోసం నిలబడ్డాడు.

"మేడం, మధ్యాహ్నం క్లాస్ బంద్ జేస్తరట గదా?"

"ఎవరు చెప్పిండ్రు భాయ్?"

"అందరు అంటుండ్రు. బంద్ అయితే నా బిడ్డ సదువు గీడికే ఖతం మేడం. పొద్దుటి బ్యాచుల మొగపిల్లల నడుమ నేను పంప. ఇంట్ల పెద్దలు ఊకోరు. జర ఉన్నదున్నట్టు చెప్పుండ్రి, క్లాస్ ఉంటదా?"

"చూద్దాం భాయ్" అన్నాను. ఆ మాట నా నోటికే రుచించలేదు. దర్జీ బిడ్డ పక్కనే నిలబడి నేలకేసి చూస్తోంది. ఆ తర్వాత ప్రతిరోజూ ఆయన అదే అడిగేవాడు, "క్లాస్ ఉన్నదా మేడం?" అని. నేను "ఇయ్యాల ఉన్నది" అనేదాన్ని. రేపటి సంగతి అడగకుండా తల ఊపి పోయేవాడు.

ప్రిన్సిపాల్ సారు దగ్గరికి పోయాను. ఆయన బల్లమీద కంపెనీ వాళ్ల రంగుల కాగితం ఉంది. అందులో రెండు గీతలు, ఒకటి తాటిచెట్టంత, ఇంకొకటి గడ్డిపోచంత. పొడుగుది వాళ్ల చిప్, పొట్టిది మా పాతదాని జాతి చిప్.

"చూసినవా అమ్మా, ఎంత తేడా ఉన్నదో. గింత ముసలిదాన్ని పట్టుకొని ఏం జేస్తం?"

"ఎట్ల కొలిచిండ్రు సార్?"

"పరీక్ష పెట్టి కొలిచిండ్రు. ఒకటే ప్రోగ్రాం, రెండింటి మీద నడిపిండ్రు. గంతకంటె న్యాయం ఏముంటది?"

ఒకటే పరీక్ష, అందరికీ ఒకే న్యాయం. ఈ మాట నేను ఇంతకుముందు కూడా విన్నాను. ఈ ఉద్యోగానికి ముందు మహబూబ్‌నగర్‌లో ఒక చోట ఇంటర్వ్యూకు పోయాను. అడిగినవన్నీ చెప్పాను. చివర్లో "అది గట్ల కాదు సార్, గిట్ల చెయ్యాలె" అన్నానని ఎదురుగా కూర్చున్నాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. "సబ్జెక్టు ఉందండీ, భాషే లేదు" అన్నాడు. అయ్యా, నాకు భాష లేకపోవడమేమిటి? మా అవ్వ మాట్లాడింది, మా బాపు మాట్లాడాడు, నేను పొద్దున లేస్తే మాట్లాడుతున్నాను. నీ కొలబద్దతో నన్ను కొలిచి నేను పొట్టిదాన్నంటే నాకెందుకు ఒప్పుతుంది? ఆ ఉద్యోగం రాలేదు. ఆ మంట మాత్రం నాతోనే వచ్చింది.

"సార్, కాగితం మీద కాదు, మా ల్యాబుల నా ముంగట పెట్టుమనుండ్రి పరీక్ష" అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. అయినా సరేనన్నాడు.

కంపెనీ మనిషి నిజంగానే రెండు కొత్త మెషిన్లు, వాటికో ప్రింటర్ జీపులో వేసుకుని వచ్చాడు. ప్రిన్సిపాల్ సారు, పొద్దుటి బ్యాచ్ చెప్పే లెక్చరర్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం క్లాసు టైం కావడంతో మా పిల్లలు గోడ వెంబడి నిలబడ్డారు. దర్జీ బిడ్డ అందరికంటే ముందు, చేతులు కట్టుకుని.

"చాలా సింపుల్ మేడమ్ గారూ. ఈ ప్రోగ్రాం లోపల పెద్ద పెద్ద లెక్కలుంటాయి. ఎంత త్వరగా అయిపోతే అంత మంచి మెషిన్" అన్నాడు కంపెనీ మనిషి. ముందు మా పెట్టె మీద నడిపించాడు. పెట్టె గుర్రుమంది. అందరం చూస్తూ నిలబడ్డాం. పిల్లలు కాళ్లు మార్చుకున్నారు, లెక్చరర్ ఆవలించాడు. చివరికి ఎంత సేపు పట్టిందో తెర మీద పడింది. తర్వాత కొత్తదాని మీద నడిపించాడు. ఇట్లా నొక్కాడో లేదో, అట్లా అయిపోయింది.

లెక్చరర్ "అబ్బో" అన్నాడు. ప్రిన్సిపాల్ సారు నా వైపు జాలిగా చూశాడు. గోడ దగ్గర పిల్లల ముఖాలు వాడిపోయాయి. నాకు తల తీసేసినట్టయింది.

"మా చిప్ సెకనుకు ఎన్ని లక్షల ఇన్‌స్ట్రక్షన్లు, అదే చిన్న చిన్న ఆదేశాలు, చేస్తుందో తెలుసా అండీ?" అని మొదలుపెట్టాడు కంపెనీ మనిషి.

ఆ మాటకు నాకు మోత్కూర్ దగ్గర మా ఊళ్లో మోట బావి గుర్తొచ్చింది. ఎద్దులు వాలు దిగుతుంటే బొక్కెన పైకొచ్చి నీళ్లు కుమ్మరిస్తుంది, వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుంది. మా బొక్కెన పెద్దది, ఎద్దులు నిదానంగా నడిచేవి. మా పెద్దబాపు వాళ్లది చిన్న బొక్కెన, వాళ్ల ఎద్దులు చకచకా తిరిగేవి. ఎన్నిసార్లు తిరిగాయని లెక్కపెడితే ఎప్పుడూ వాళ్లదే గెలుపు. కానీ మా ఊళ్లో అట్లా లెక్కపెట్టేవాళ్లెవరూ లేరు. పొద్దు గూకే వేళకు ఎంత మడి తడిసిందన్నదే అడిగేవాళ్లు.

"మీ చిప్ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ల ఎంత పని జేస్తది? మాది ఎంత జేస్తది?" అని అడిగాను.

"అంటే... రెండిటి డిజైన్ వేరండీ. మీదాంట్లో ఒక్కటితో అయ్యే పనికి మాదాంట్లో రెండు మూడు పట్టొచ్చు కొన్నిచోట్ల. కొన్నిచోట్ల తిరగబడొచ్చు."

"మరి ఎన్ని జేసిందని లెక్కపెడితే ఏమొస్తది?"

"అందుకే కదా మేడమ్ గారూ, ఒకే ప్రోగ్రాం ఇచ్చి టైం చూశాం" అన్నాడు. మాటకు మాట బాగానే చెప్పాడు.

అప్పుడు నేను చేసింది తెలివితో చేసింది కాదు, అలవాటుతో చేసింది. మా ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. నల్గొండలో అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. "అయిపోయింది మేడం" అని పిల్ల చెయ్యెత్తేలోపు గది చీకటయ్యేది. అయ్యిందో కాలేదో ఎవరికి తెలుసు? అందుకని ప్రింటర్ ట్రేలో జవాబు కాగితం పడితేనే అయినట్టు. నోటి మాటకు మార్కు లేదు. ఇంట్లో గారాబంగా పెరిగిన పిల్ల ఏడ్చినా సరే, కాగితం చూపియ్యాల్సిందే. కొన్నేళ్లుగా ప్రతి ప్రోగ్రాం అయ్యాక నా కాళ్లు వాటంతటవే ప్రింటర్ దగ్గరికి పోయేవి. ఆ రోజు కూడా పోయాయి. ట్రే ఖాళీగా ఉంది.

"జవాబేది?" అన్నాను.

"జవాబా? ఇది టైం చూడటానికండీ. ఎంత సేపు పట్టిందో చెబుతుంది, అంతే."

"గంత పెద్ద లెక్క జేసింది గదా. లెక్క ఎంతొచ్చింది?"

"అది ఎవరికి కావాలండీ?"

"నాకు కావాలె."

గోడ దగ్గర ఎవరో పిల్ల కిసుక్కుమంది. కంపెనీ మనిషి ప్రిన్సిపాల్ సారు వైపు చూశాడు. సారు "చూపియ్యవయ్యా, ఏం బోతది" అన్నాడు. ప్రోగ్రాంలో ఒక్క వరస చేర్చాలి, చివర్లో వచ్చిన లెక్కను ప్రింట్ చెయ్యమని. చేర్చాడు. మా పెట్టె మీద మళ్లీ నడిపాడు. ఇంతకుముందు పట్టినంతే పట్టింది, కాగితం మీద అంకె పడింది. కొత్తదాని మీద నొక్కాడు. ఈసారి ఇట్లా నొక్కి అట్లా కాలేదు. ఆగింది. ఇంకా ఆగింది. కంపెనీ మనిషి చెవుల పక్కన చెమట పట్టింది, ఏసీ కిందనే నిలబడి కూడా.

జరిగింది ఏమిటంటే, మనం రాసిన ప్రోగ్రాంను చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలర్ ఒకటి ఉంటుంది. వాళ్ల కంపైలర్ కొత్తది, గడుసుది. ఈ లెక్క జవాబు ఎవరూ అడగడం లేదు కదా, మరి లెక్క చెయ్యడం దేనికని మొత్తం పనినే ఎగ్గొట్టింది. మా పాత కంపైలర్‌కు ఆ తెలివి లేదు. చెప్పిన పని చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చేసింది. ఒకటి పరుగు పెట్టింది, ఇంకొకటి పరుగే పెట్టకుండా గెలుపు గీత దగ్గర నిలబడి ఉంది. ఆ రెండింటినీ కొలిచి తాటిచెట్టంత గీత గీసుకున్నారు! కంపెనీ మనిషి మోసగాడు కాదు, ఆ సంగతి ఆయనకే తెలియదు. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ రంగుల కాగితాలు పంచేటప్పుడు ఆయన కూడా జవాబు అడగలేదు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, పనంతా చేయించినా కొత్తదే ముందు ముగించింది. మా దానికంటే బాగానే ముందు. ఆ మాట అందరి ముందూ నేనే అన్నాను. "ఒక్కటే లెక్క ఇస్తే మీ మెషినే ఎక్కువ. నేను కాదంట లేను. కాని తాటిచెట్టంత కాదు."

"థాంక్సండీ" అన్నాడాయన, కాస్త ఊపిరి పీల్చుకుని.

"ఆగుండ్రి. మీ పరీక్ష అయింది, ఇంక నాది."

పిల్లల వైపు తిరిగాను. నిన్నటి పాఠం, పేర్లను అక్షర క్రమంలో పెట్టే ప్రోగ్రాం. టైపు చెయ్యాలి, తప్పులు దిద్దుకోవాలి, నడపాలి, కాగితం తియ్యాలి. ఎనిమిది మంది ఎనిమిది తెరల ముందు కూర్చున్నారు. ఇంకో ఎనిమిది మంది కొత్త మెషిన్ల ముందు రెండు వరసల్లో నిలబడ్డారు, ఒకరు లేస్తే ఒకరు కూర్చోవాలి. ఏ వైపు ఎనిమిది కాగితాలు ముందు పడతాయో చూద్దామన్నాను.

"మేడమ్ గారూ, ఇది అన్యాయమండీ" అని లేచాడు కంపెనీ మనిషి. "మీది పదిమంది కోసం చేసింది, మాది ఒక్కరి కోసం చేసింది. రెండూ వేర్వేరు జాతులు. ఇట్లా పోల్చకూడదు."

నేను నవ్వాపుకోలేదు. "గా ముక్క కాగితం మీద గీతలు గీసినప్పుడు యాదికి రాలేదా సార్?"

ప్రిన్సిపాల్ సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలను బట్టి తెలిసింది.

"ఇది చిప్‌ల పోలిక కాదు కదండీ" అన్నాడు కంపెనీ మనిషి, పట్టు వదలకుండా.

"కాదు. మేము కొనేది చిప్ కాదు గదా. ల్యాబు కొంటున్నం. గీ పిల్లలు కూసునే జాగ కొంటున్నం."

దర్జీ బిడ్డ మా పాత తెర ముందు కూర్చుంది. మొదటిసారి నడిపితే తప్పొచ్చింది. ఉర్దూలో ఏదో గట్టిగానే తిట్టింది, సారు ఉన్నాడని కూడా చూడలేదు. దిద్దింది. పెట్టె గుర్రుగుర్రుమంటూ ఎనిమిది మందికీ వంతులేస్తోంది. అవతల రంగుల తెరల ముందు కూర్చున్న పిల్లకు పని టకటకా అవుతోంది, నిజమే. కానీ ఆమె వెనక నిలబడ్డ వాళ్లు తమ కాగితం మీద రాసుకున్న ప్రోగ్రాం చేత్తో పట్టుకుని కాళ్లు మార్చుకుంటున్నారు. మా వైపు ట్రేలో ఎనిమిదో కాగితం పడ్డప్పుడు అవతల వరసల్లో ఇంకా నిలబడే ఉన్నారు. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆపలేదు, నేనూ కొట్టాను.

ప్రిన్సిపాల్ సారు లేచి ట్రేలో కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. తర్వాత కంపెనీ మనిషితో, "పాతది ఇయ్యం. కొత్తది ఒక్కటే తీసుకుంటం" అన్నాడు. పొద్దుటి లెక్చరర్ ముఖం మాడ్చుకుని లేచి పోయాడు. ఆయనకు రావాల్సిన రెండో రంగుల మెషిన్ పోయింది మరి. ఆ తర్వాత చాలా కాలం నాతో మాట్లాడలేదు. స్టాఫ్ రూములో నాకు వినబడేట్టు "పాత ఇనుము మేడం" అనేవాడు. అనుకోనీ. ఆ కొత్త మెషిన్ మీద మా పిల్లలకు కూడా వంతు రాయించుకున్నాను. వేగం అంటే నాకు పగ లేదు. ఎవరి వేగమో చెప్పకుండా ఎవరినో బయటికి పంపడం అంటేనే పగ.

ఆ పాత పెట్టె తర్వాత కొన్నాళ్లకు ఎవరి పరీక్షా అక్కర్లేకుండా తన చావు తాను చచ్చింది. తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు దాని బరువు చూసి మమ్మల్ని తిట్టుకున్నారు. అప్పటికి ల్యాబులో అందరికీ సరిపోయేన్ని కొత్తవి వచ్చాయి. నేను దాని కోసం ఏడవలేదు. చేయాల్సింది చేసింది, పోయింది.

నాకు బాగా గుర్తున్నది పరీక్ష కాదు, ఆ మర్నాడు. మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఎండ మాడ్చేస్తోంది. దర్జీ భాయ్ సైకిల్ వచ్చింది, బిడ్డ క్యారియర్ మీద. కాలు కింద పెట్టి, రోజూ అడిగే మాటే అడిగాడు.

"క్లాస్ ఉన్నదా మేడం?"

"ఉన్నది భాయ్."

తల ఊపాడు. సైకిల్ తిప్పబోయి ఆగాడు. ఎప్పుడూ అడగని మాట ఆ రోజు అడిగాడు.

"రేపు?"

"రేపు ఉంటది. ఎల్లుండి ఉంటది. నీ బిడ్డ కోర్సు అయ్యేదాక ఉంటది. బంద్ అని ఎవరన్న అంటే, వచ్చి నన్ను అడుగుమను."

ఆయన సైకిల్‌కు మళ్లీ స్టాండేశాడు. దర్జీ బిడ్డ మాత్రం మా మాటలు అయ్యేదాకా ఆగలేదు. అప్పటికే క్యారియర్ దిగి, మమ్మల్నిద్దరినీ ఎండలో వదిలేసి, లోపలికి పోయి తన తెర ముందు కూర్చుంది.